మీ ఊరి పాత తాలూకా హద్దు గీయడం ఎలా?

ఇది పాత హైదరాబాదు రాజ్యంలోని తెలంగాణ ఊళ్ల కోసం. కావలసినవి గ్రామ నక్షా (సర్వే పటం), 1954–55 ఖాస్రా పహాణీ (సర్వే నంబర్లవారీ భూముల చిట్టా) నకలు, ట్రేసింగ్ కాగితం, పెన్సిల్, రంగు పెన్సిళ్లు. స్కెచ్ పెన్ను వద్దే వద్దు. నక్షా కోసం నారాయణగూడ సర్వే కార్యాలయానికి, పహాణీ కోసం తహసీల్దారు దగ్గరికి వెళ్లాలి. ఫోన్ మ్యాపు మీద గీసేస్తాం అనేవాళ్లకు ఇక్కడితో సెలవు.

మొదట నేటి నుంచి వెనక్కి వెళ్లండి. ఇప్పటి జిల్లాల్లో ఎక్కువ భాగం 2016 నాటివి, తాలూకాలు పోయి మండలాలు వచ్చింది 1985లో. రంగారెడ్డి 1978 ఆగస్టు 15న హైదరాబాదు జిల్లా నుంచి విడిపోయింది. షాద్‌నగర్ మాత్రం 2016 దాకా మహబూబ్‌నగర్‌దే. ఇంతవరకు సులువు.

అందరూ బోల్తా పడేది 1949కి, అంటే జాగీర్ల రద్దుకి, ముందు కాలం దగ్గర. అప్పుడు తాలూకా అంటే ఒకే గీతలో ఇమిడే ముద్ద కాదు. దివానీ (నేరుగా సర్కారు కింద ఉన్న) ఊళ్ల మధ్యలో జాగీరు ఊళ్లు, పాయిగా (నిజాం కొలువులోని పెద్ద కుటుంబాల) ఊళ్లు, నిజాం సొంత సర్ఫ్-ఎ-ఖాస్ ఊళ్లు చెదురుమదురుగా ఉండేవి. జాగీరు ఊళ్లో శిస్తు జాగీర్దారుకే పోయేది. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్‌దే. ఆ తేడాల జాడ పేర్లలో ఇప్పటికీ ఉంది: రాయదుర్గం పాన్‌మక్తా, రాయదుర్గం నవ్‌ఖల్సా రెండూ వేర్వేరు రెవెన్యూ గ్రామాలు (మక్తా అంటే స్థిరమైన శిస్తుకు ఇచ్చినది, ఖల్సా అంటే సర్కారుది). ఉప్పల్ కలాన్, ఉప్పల్ భగాయత్ కూడా వేర్వేరు రెవెన్యూ గ్రామాలే. కాగితంలో తోక పేరు వదిలేసి "రాయదుర్గం" అని రాసుకున్నారో, పక్క ఊరి సర్వే నంబరు మీ నెత్తిన పడుతుంది.

కాబట్టి ముందు గీత గీయకండి. ఒక్కో ఊరికీ దాని పాత హోదాను బట్టి రంగు వేయండి. దివానీకి ఆకుపచ్చ, జాగీరుకు ఎరుపు. ఈ రెండింటికీ వేరే రంగులు నేను ఒప్పుకోను. రంగులన్నీ పడ్డాక హద్దు దానంతట అదే తేలుతుంది, మధ్యలో ద్వీపాలతో సహా.

ఫసలీ (పాత రెవెన్యూ కాగితాల్లోని పంట లెక్క) సంవత్సరాన్నీ జాగ్రత్తగా క్రీస్తు శకంలోకి మార్చాలి. జాగీర్ల రద్దు రెగ్యులేషన్ 1358 ఫసలీది, అమలు 1949 ఆగస్టులో. ఎప్పుడూ 590 కలిపేస్తే 1948 వస్తుంది, తప్పు. నిజాం ఫసలీ అక్టోబరులో మొదలయ్యేది కనుక డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. నెల తెలియకపోతే "1948–49" అని రెండూ రాయండి. ఆంధ్ర ప్రాంతపు జూలై లెక్క ఇక్కడ పనికిరాదు.

చివరగా పక్క ఊళ్ల నక్షాలు కలపండి. మూడు ఊళ్ల శివార్లు కలిసే రాయిని ఆనవాలుగా పట్టుకుని ఒకదాని మీద ఒకటి పెట్టండి. వాగును నమ్మకండి, దారి మార్చుకుని ఉండొచ్చు. జిరాక్సులో నక్షా కుంచించుకుపోవచ్చు. స్కేలు పట్టీని కొలిచి చూశాకే ట్రేసింగ్ మొదలుపెట్టండి.