ప్లాస్టిక్ పడవకు ట్రాన్స్‌డ్యూసర్ నిలబెట్టిన తీరు

గండికోట జలాశయంలో చేపలు పట్టే మా బావమరిది పడవ పాలిథిలిన్‌ది. నీటి లోతునూ చేపలనూ తెర మీద చూపే ఫిష్ ఫైండర్ కొన్నాడు గానీ, నీళ్లలోకి శబ్దం పంపి తిరిగొచ్చేది పట్టే దాని ట్రాన్స్‌డ్యూసర్ పడవకు నిలవలేదు. ఎపాక్సీతో అతికిస్తే మూడో రోజుకే ముద్దంతా పెచ్చులా ఊడి చేతికొచ్చింది. పాలిథిలిన్‌కు మామూలు జిగురు పట్టదు. లోపలి నుంచి పెడదామంటే అడుగు రెండు పొరలు, మధ్యలో గాలి. శబ్ద తరంగం గాలిని దాటి నీళ్లలోకి పోదు. పడవకు చిల్లు పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

దారి చూపింది మా ఊళ్లో హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిలిన్) పైపులు అతికే అన్న. "ఇది మన పైపు జాతేనప్పా, వెల్డింగ్ చేస్తే సరి" అన్నాడు. పడవ వెనక గోడను గరుకు కాగితంతో రుద్ది, జిడ్డు తుడిచి, జానెడు హెచ్‌డీపీఈ పలక ఆనించాడు. వేడిగాలి గన్‌తో పలక అంచునూ గోడనూ మెత్తబరుస్తూ, అదే జాతి ప్లాస్టిక్ కడ్డీని నాలుగు వైపులా కరిగించి నొక్కాడు. చల్లారాక సుత్తితో కొట్టినా కదల్లేదు. బ్రాకెట్‌ను ఆ పలకకే బిగించాం. స్క్రూలు పలక మందం దాటకూడదు, అదే ముఖ్యం.

వేగం పెంచితే తెర ఖాళీ అయింది. బుడగలు! బ్రాకెట్ గాడిలో ట్రాన్స్‌డ్యూసర్‌ను పడవ అడుగు కంటే కాస్త కిందికి దించాక తెర మీద జలాశయం అడుగును చూపే గీత తెగలేదు. తాడుకు రాయి కట్టి వదిలాం: తాడు 11 మీటర్లు, తెర మీద 10.8.