పాత ప్లేట్లతో కేక్ స్టాండ్: అతుకు ఊడకుండా చేయడం ఎలా?

పైన పింగాణీ ప్లేటు, కింద గాజు గ్లాసు, మధ్యలో జిగురు. కేక్ స్టాండ్ అంటే ఇంతే. ఇంత చిన్న పని సరిగ్గా కేకు కోసే వేళకి పాడవుతోందంటే తప్పంతా అతుకుదే. అందుకే మిగతావి గబగబా చెప్పేస్తాను, అతుకు దగ్గర మాత్రం నిదానంగా చదవండి.

సామాను కోసం హైదరాబాద్‌లో ఆదివారం ఎర్రగడ్డ సంతకో, గురువారం జుమ్మేరాత్ బజార్‌కో పొద్దున్నే వెళ్లండి. సెట్టు చెదిరి మిగిలిన ఒంటి ప్లేట్లు, జత తప్పిన గ్లాసులే మనకు కావాలి, బేరం కూడా వాటికే బాగా కుదురుతుంది. ప్లేటును వేళ్ల మొనల మీద నిలిపి గోటితో కొట్టండి. కుండ కొనేటప్పుడు చూస్తామే, అలాగే: ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే ఎక్కడో సన్నటి బీట ఉన్నట్టు. ప్లాస్టిక్‌లా ఉండే మెలమైన్ ప్లేట్లు తీసుకోకండి. అంచు బాగా పైకి లేచిన ప్లేటూ వద్దు. కత్తి అంచుకు తగిలి ముక్క చితికిపోతుంది.

ప్లేటు కేకు కన్నా రెండు అంగుళాలైనా పెద్దదిగా ఉండాలి. అరకిలో కేకు దాదాపు 6 అంగుళాలు, కిలోది 8 అంగుళాలు ఉంటుంది. స్టాండ్ బల్లను తాకే చోట వెడల్పు ప్లేటులో మూడో వంతుకు తగ్గకూడదు. కాడ గ్లాసు (మధ్యలో సన్నటి కాడ, అడుగున గుండ్రటి పాదం ఉండేది) మూతి సాధారణంగా మూడు అంగుళాలకు మించదు కాబట్టి అది 8 అంగుళాల ప్లేటు వరకే పనికొస్తుంది. 10 అంగుళాల ప్లేటుకు వెడల్పు మూతి ఉన్న దళసరి గాజు ఐస్‌క్రీమ్ కప్పు వెతకండి. ఏదైనా సరే బోర్లించే వాడాలి. నిలబెట్టి అతికిస్తే ప్లేటుకు తగిలేది దారమంత సన్నటి మూతి అంచు మాత్రమే. బోర్లిస్తే పాదం మొత్తం ఆనుతుంది. ఇంకో మాట: ప్లేటు పూలదైతే గ్లాసు సాదాది తీసుకోండి. రెండూ పూలవైతే కేకు కనబడదు.

ఇక జిగురు. క్షణంలో అంటుకునేది గాజు మీద పెళుసుగా గట్టిపడుతుంది, పక్కనుంచి చిన్న తాకిడి తగిలినా విరుగుతుంది. గన్నుతో పెట్టే వేడి జిగురు నున్నటి పింగాణీ మీద పెచ్చులా లేచిపోతుంది. సిలికాన్ ఊడదు గానీ రబ్బరులా మెత్తగా ఉండి, బరువు పడితే ఊగుతుంది. దీనికి రెండు ట్యూబుల ఎపాక్సీయే వాడాలి, అంటే ఆరల్డైట్ లాంటిది. అందులోనూ అయిదు నిమిషాలది కాదు, నెమ్మదిగా గట్టిపడే మామూలు రకం. సరిదిద్దుకోవడానికి ఆ వ్యవధి కావాలి.

ప్లేటు అడుగునూ గ్లాసు పాదాన్నీ సబ్బుతో కడిగి ఆరబెట్టండి. ప్లేటు వెనక ఉండే రింగు లోపల, సరిగ్గా మధ్యలో, పాదం చుట్టూ గీత గీయండి. పాదం రింగు మీదికి ఎక్కితే ఒక పక్క లేచిపోతుంది, అలాంటి జోడీ మార్చేయడమే మేలు. గీతకూ ప్లేటు అంచుకూ మధ్య దూరం నాలుగు వైపులా స్కేలుతో కొలవండి. గీత లోపలి భాగాన్నీ, పాదం అడుగునూ 120 నంబరు సాండ్‌పేపర్ తడిపి రుద్దండి. మెరుపు పోయి పాలపొర కట్టినట్టు తెల్లబడాలి. జిగురుకు పట్టు ఆ గరుకులోనే దొరుకుతుంది. తర్వాత దూదితో స్పిరిట్ పెట్టి తుడవండి. అక్కడినుంచి వేలు తగలకూడదు, చేతి జిడ్డు చాలు పట్టు చెడగొట్టడానికి. వానాకాలమైతే హెయిర్ డ్రయ్యర్‌తో ఒక నిమిషం ఆరబెట్టి మొదలుపెట్టండి.

రెండు ట్యూబుల నుంచీ బఠాణీ గింజంత చొప్పున, సమానంగా తీయండి. హార్డెనర్ (జిగురును గట్టిపరిచే ట్యూబు) కాస్త ఎక్కువేస్తే గట్టిగా పడుతుందనుకోవడం పొరపాటు. పాళ్లు తప్పితే అతుకు బలహీనపడుతుంది, ఒక్కోసారి మెత్తగానే ఉండిపోతుంది. చారలు పూర్తిగా పోయేదాకా రెండు నిమిషాలు కలపాలి. ప్లేటును మడత తువ్వాలు మీద కాకుండా, సమతలంగా ఉన్న బల్ల మీద కాగితం పరిచి బోర్లించండి. బల్ల వాలుగా ఉందేమో ముందే గోలీ పెట్టి చూసుకోండి. పాదానికి పలచగా జిగురు రాసి, గీతలో పెట్టి, కొంచెం తిప్పుతూ మెల్లగా నొక్కండి. గట్టిగా నొక్కితే జిగురంతా పక్కకు వచ్చేస్తుంది.

ఎక్కువమంది ఇక్కడ వదిలేసి వెళ్లిపోతారు. ఎపాక్సీ గట్టిపడేదాకా జారుతూనే ఉంటుంది, తెలియకుండానే గ్లాసు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. పాదం మీదుగా ప్లేటుకు నాలుగు వైపులా మాస్కింగ్ టేపు వేయండి. పైకి ఉన్న గ్లాసు మూతి మీద చిన్న అద్దం ముక్క పెట్టి దాని మీద గోలీ ఉంచండి. గోలీ దొర్లిందంటే వాలు ఉంది, అటు ఎదురుగా ఉన్న వైపు కాస్త నొక్కండి. అరగంటలో మూడుసార్లయినా చూడాలి. బయటికి ఉబికిన జిగురును స్పిరిట్ దూదితో అప్పుడే తుడిచేయండి, ఆరాక గీకాల్సి వస్తుంది.

తర్వాత 24 గంటలు ముట్టుకోవద్దు. పైకి గట్టిగా అనిపించినా లోపల ఇంకా పచ్చిగానే ఉంటుంది. మర్నాడు మందపాటి దుప్పటి పరిచి, దానిపై గట్టి పలక పెట్టి, స్టాండును నిలబెట్టి రెండు కిలోల బియ్యం సంచి మధ్యలో గంటసేపు ఉంచండి. కదలకపోతే కేకు పెట్టొచ్చు.

పాత రంగుల ప్లేట్ల మెరుగులో సీసం ఉండే అవకాశం ఉంది, కాబట్టి కేకును నేరుగా పెట్టకుండా కేక్ బోర్డుతోనే పెట్టండి. మోసేటప్పుడు ఒక చేయి గ్లాసు కిందే ఉండాలి, ప్లేటు అంచులు పట్టుకుని ఎత్తకూడదు. నానబెట్టకుండా, మరిగే నీళ్లు పోయకుండా, గోరువెచ్చని నీళ్లతో కడిగి వెంటనే తుడవండి.