రొయ్యల పట్టుబడి సీజన్‌కి ముందు జావా ఎనమ్‌లలో నల్ చూసుకోండి

పోయిన వారం ముత్తుకూరు వైపు ఒక రొయ్యల కొనుగోలు కేంద్రంలో తెల్లవారుజామున బిల్లులు ఆగిపోయాయి. కాటా అయిపోయింది, ఐసు వేసిన ట్రేలు లారీ ఎక్కేశాయి, స్లిప్పు మాత్రం రావడం లేదు. చేతికి స్లిప్పు రానిదే రైతు లారీని గుంట దగ్గర నుంచి కదలనివ్వడు. నాకు ఫోన్ వచ్చింది. జావాలో రాసిన ఆ బిల్లుల ప్రోగ్రాం లాగ్ తెరిస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ (నల్ అంటే విలువే లేకపోవడం, దాన్ని విలువలా వాడబోతే వచ్చే లోపం ఇది), సరిగ్గా స్విచ్ (విలువని బట్టి దారి ఎంచుకునే కోడ్) ఉన్న లైన్లో.

ముందురోజే బిల్లుల టేబుల్‌కి చెల్లింపు విధానం అనే కాలమ్ కలిపారు. కొత్త బిల్లులకి నగదు, బ్యాంకు, అరువు అని ఎనమ్ (ముందే పేర్లు పెట్టి ఉంచిన విలువల జాబితా) ఉంది. పాత వరుసల్లో ఖాళీ. రైతు పాత బాకీ లెక్క తీసేసరికి ఆ ఖాళీయే నల్‌గా వచ్చి పడింది. కోడ్ రాసిన కుర్రాడు "డీఫాల్ట్ పెట్టాను కదన్నా" అన్నాడు. స్విచ్‌లో ఒక్కో విలువకి రాసిన దారి కేసు, ఏ కేసూ కుదరని విలువకి నడిచేది డీఫాల్ట్.

డీఫాల్ట్ నల్‌ని పట్టుకోదు. నల్ వచ్చిందంటే స్విచ్ ఏ కేసునీ చూడదు, గుమ్మంలోనే పడిపోతుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన జావా 21లో 'కేస్ నల్' అని విడిగా రాసుకోవచ్చు. రాయకపోతే అక్కడా ఇంతే. పాత వెర్షన్లో ఉన్నవాళ్లు స్విచ్‌కి ముందే ఇఫ్ పెట్టి చూసుకోవాలి.

ఖాళీ కనిపిస్తే నగదు అనుకోకండి. ప్రోగ్రాం పడిపోతే గంటలో బాగుచేస్తాం. బాకీ ఉన్న రైతుకి డబ్బు ముట్టినట్టు పడితే ఆ తప్పు నెలకి గానీ బయటపడదు. ఎనమ్‌లోనే 'తెలియదు' అని ఒకటి పెట్టండి, అదీ చివర్లో. డేటాబేసులో పేరు కాకుండా వరుస సంఖ్య దాస్తుంటే, మధ్యలో పెట్టిన మరుక్షణం పాత బిల్లులన్నీ తారుమారవుతాయి.

పేరు ఇస్తే ఎనమ్ విలువ తెచ్చే వాల్యూఆఫ్‌కి నల్ ఇస్తే నల్ పాయింటర్ ఎక్సెప్షన్, తెలియని పేరు ఇస్తే ఇల్లీగల్ ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ వస్తాయి. రెండూ చూసుకోండి. పోల్చడానికి ఈక్వల్స్ వద్దు, రెండు సమాన గుర్తులు (==) వాడండి. ఎనమ్ విలువలే కీలుగా ఉండే ఎనమ్‌మ్యాప్‌లో నల్‌ని కీగా పెట్టకండి, ఒప్పుకోదు. ఎక్సెప్షన్‌ని పట్టుకుని మింగేయకండి. సీజన్ మధ్యలో కాలమ్ కలపకండి. కలిపితే పాత వరుసలు నింపాకే కోడ్ ఎక్కించండి. పాత రైతు ఖాతాతో ఒక బిల్లు కొట్టి చూడండి, కొత్తదానితో చూస్తే లాభం లేదు. మళ్లీ చెబుతున్నా, డీఫాల్ట్ నల్‌ని పట్టుకోదు. మీ స్విచ్‌లన్నీ ఈ రాత్రికే తెరిచి చూడండి.