సంగటి ముద్ద చిన్నదయ్యాక

తిరుపతి గాంధీ రోడ్డులో మాది బట్టల కొట్టు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని కూర్చుని 91 కిలోలకు వచ్చాను. పది నెలల్లో 78కి దిగాను.

మొదట అన్నం మానేసి రాగి సంగటి పట్టాను. పూటకు రెండు ముద్దలు, మీద చెనిక్కాయల ఊరిబిండి, అదే వేరుశనగ పచ్చడి. నెలైనా కాటా ముల్లు కదల్లేదు! రాగుల్లో పీచు ఎక్కువే గానీ, కేలరీల్లో బియ్యానికీ వాటికీ పెద్ద తేడా లేదు. అందుకే ముద్ద ఒక్కటే, పిడికిలంత. పళ్ళెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు. పక్కన పప్పో గుడ్డో. నూనె సీసాతో వంపొద్దు, చెంచాతో కొలవండి. పెద్ద చెంచాడులోనే దాదాపు 120 కేలరీలుంటాయి. మా ఆవిడకు ఈ కొలతలంటే ఇప్పటికీ చిరాకే.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలి. నేను పొద్దున్నే కపిలతీర్థం దాకా వెళ్ళొస్తాను. మొదటి వారమే ఉత్సాహం కొద్దీ తిరుమల కొండకు వెళ్ళే నడకదారి శ్రీవారి మెట్టు ఎక్కాను, 2,388 మెట్లు. మోకాళ్ళు పట్టేసి నాలుగు రోజులు కొట్టు తెరవలేదు. మెట్లు మూడో నెలలో చూసుకోండి, దిగేటప్పుడు బస్సెక్కండి. దిగడంలోనే మోకాళ్ళ మీద భారం ఎక్కువ.

బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్ళు ముందు డాక్టరును అడగాలి. బరువు వారానికోసారి, పరగడుపున చూసుకుంటే చాలు. అర కిలో తగ్గితే బాగానే సాగుతున్నట్టు. చుట్టాలు తెచ్చే కొండ లడ్డూ మాత్రం వద్దనలేను. చిటికెడు కళ్ళకద్దుకుని, మిగతాది కొట్లో పిల్లలకు పంచుతాను.