ల్యూప్రోలైడ్ ఇంజెక్షన్ వేయించుకునే ప్రోస్టేట్ క్యాన్సర్ పేషెంట్లకి

ప్రోస్టేట్ క్యాన్సర్‌కి మేతగా పనిచేసే టెస్టోస్టెరాన్‌ని తగ్గించడానికే ఈ ఇంజెక్షన్. కానీ ఒక తిరకాసు ఉంది, మొదటి వారం రెండు వారాలు ఆ హార్మోన్ తగ్గదు, పెరుగుతుంది. అందుకే చాలామందికి ముందుగా ఆ హార్మోన్ ప్రభావాన్ని అడ్డుకునే బైకాలుటమైడ్ లాంటి మాత్రలు మొదలుపెడతారు. మీకు రాయకపోతే ఎందుకని అడగండి, మొహమాటం వద్దు. ముఖ్యంగా క్యాన్సర్ వెన్నెముకకి పాకినవాళ్లు ఈ మొదటి వారాల్లో నడుము నొప్పి ఒక్కసారిగా ఎక్కువైనా, కాళ్లలో బలం తగ్గినా, తిమ్మిరెక్కినా, మూత్రం ఆగిపోయినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకుండా అర్ధరాత్రయినా సరే ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.

నెలకోసారి వేసేదీ మూడు నెలలకోసారి వేసేదీ ఒకటి కాదు. నెల డోసులు మూడు కలిపి ఒకేసారి వేయించుకుంటే అది మూడు నెలల ఇంజెక్షన్‌లా పనిచేయదు. పెట్టె మీద పేరు, మిల్లీగ్రాములు మందుల చీటీతో సరిచూసుకోండి. కొన్ని కంపెనీలవి ఫ్రిజ్‌లో పెట్టాలి, కొన్నిటికి అక్కర్లేదు, పెట్టె చదవండి. ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. తర్వాతి తేదీకి ఊరెళ్లే పని ఉంటే ముందే డాక్టర్‌కి చెప్పండి. సూది ప్రతిసారీ వేరే చోట వేయమనండి.

ఒంట్లోంచి ఆవిర్లు, చెమటలు మామూలే, టెన్షన్ పడక్కర్లేదు. అసలు కనిపెట్టుకోవాల్సింది ఎముకలు, షుగర్, గుండె. రోజూ నడవండి, డెక్సా స్కాన్ (ఎముకల గట్టితనం చూసే పరీక్ష), కాల్షియం, విటమిన్ డి గురించి అడగండి, గుండె జబ్బుకి మందులు వాడుతుంటే మొదటే చెప్పండి. పీఎస్‌ఏ (ప్రోస్టేట్ క్యాన్సర్ ఎలా ఉందో చూసే రక్త పరీక్ష)తో పాటు టెస్టోస్టెరాన్ కూడా చూపించుకోండి, టెస్టోస్టెరాన్ డెసిలీటరుకి 50 నానోగ్రాముల లోపు ఉండాలి. పీఎస్‌ఏ తగ్గింది కదా అని సొంతంగా ఆపేయకండి.