స్లీవ్ ఆపరేషన్‌కు తేదీ ఖాయమైందా? ముందు వంటిల్లు సర్దుకోండి

బరువు తగ్గే ఆపరేషన్ గురించి అడగడానికి ఎవరైనా ఫోన్ చేస్తే నేను ముందుగా అడిగేది ఒకటే: మీ ఇంట్లో వంట చేసేదెవరు, వాళ్లకు సంగతంతా చెప్పారా అని. సర్జన్ పని గంటో రెండు గంటలో అయిపోతుంది. ఆ తర్వాత పూటపూటా జరగాల్సిన పని మన ఇంట్లోనే ఉంటుంది.

నేను తెనాలిలో హైస్కూల్ పిల్లలకు లెక్కలు చెబుతాను. ఇంట్లో అత్తయ్య, మావయ్య, మా ఆయన, ఇద్దరు పిల్లలు. ముద్దపప్పు, ఆవకాయ, నెయ్యి లేకపోతే అన్నం తిన్నట్టే అనిపించని ఇల్లు మాది. అలాంటి ఇంట్లో ఉంటూనే స్లీవ్ అనే బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. కాబట్టి నాకు తెలిసింది వంటింటి వైపు నుంచే చెబుతాను.

స్లీవ్‌లో జీర్ణాశయాన్ని దాదాపు 75 నుంచి 80 శాతం వరకు కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయలాంటి సన్నటి గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే పొట్ట చిన్నదవడంతో పాటు ఆకలి కూడా బాగా తగ్గుతుంది. బరువు తగ్గడానికే చేసే ఇంకో ఆపరేషన్ బైపాస్. అందులో అయితే జీర్ణాశయం పైభాగంలో చిన్న సంచిని వేరుచేసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. మీకు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువగా ఉంటే ఆ మాట సర్జన్‌కు తప్పకుండా చెప్పండి. స్లీవ్ తర్వాత అది పెరిగే అవకాశం ఉంది. అలాంటివాళ్లకు చాలాసార్లు బైపాసే మేలంటారు.

కాగితాల పని

నా ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 92 కిలోలు. కిలోలను, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే, ఎత్తుకు తగ్గ బరువేనా అని చూపే బీఎంఐ వస్తుంది. నాది దాదాపు 37. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనల ప్రకారం బీఎంఐ 40 గానీ, ఆపైన గానీ ఉంటే, లేదా 35 గానీ, ఆపైన గానీ ఉండి అదుపులోకి రాని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), గుండెజబ్బు లాంటివి ఉంటే ఈ ఆపరేషన్‌ను ఆరోగ్య బీమా కింద పరిగణిస్తారు. వయసు 18 దాటాలి, మామూలు పద్ధతుల్లో ప్రయత్నించినా బరువు తగ్గలేదని డాక్టరు రాయాలి. అందుకే పాత హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) రిపోర్టులు, నిద్ర పరీక్ష రిపోర్టు, డాక్టర్ల చీటీలు అన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకోండి. మీ పాలసీలో వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్‌కు ఆగాల్సిన కాలం, ఎంతో కూడా ఆపరేషన్ మాట ఎత్తకముందే చూసుకోండి.

ఆపరేషన్‌కు ముందు సుమారు రెండు వారాలు తక్కువ కేలరీల ఆహారం పెడతారు. ఏదో ఆచారంలా పెట్టే పథ్యం కాదది. లావుగా ఉన్నవాళ్లలో కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం జీర్ణాశయం మీదికి వాలి ఉంటుంది. ఈ ఆహారంతో అది తగ్గితేనే సర్జన్‌కు లోపల చోటు దొరుకుతుంది. సిగరెట్ తాగేవాళ్లు చాలా ముందుగానే మానేయాలి.

మొదటి వారాలు

మొదట నీళ్లలాంటి పదార్థాలు, తర్వాత కాస్త చిక్కటివి, ఆపైన మెత్తగా మెదిపినవి, సుమారు రెండు నెలలకు మామూలు తిండి. ఎప్పుడు ఏది అన్నది మీ డైటీషియన్ చెప్పినట్టే చెయ్యండి. మన ఇళ్లలో దొరికేవే చాలావరకు సరిపోతాయి: పల్చటి మజ్జిగ, వడకట్టిన పప్పుకట్టు, వడకట్టిన చికెన్ సూప్, తర్వాత పెసరపప్పు ముద్ద, మెత్తగా ఉడికిన గుడ్డు, ముల్లు తీసిన కొరమీను. కారం, తాలింపు నూనె, పచ్చళ్లు కొన్నాళ్లు పక్కన పెట్టాలి. మా అత్తయ్య నాకోసం చిన్న స్టీలు గిన్నెలో విడిగా, కారం వెయ్యకముందే పప్పు తీసి ఉంచేది. ఇంటిల్లిపాదికీ ఒకే వంట సాగాలంటే ఇంతకు మించిన ఉపాయం లేదు.

తినే తీరు మారాలి. ఒక ఉడికిన గుడ్డు తినడానికి నాకు మొదట్లో ఇరవై నిమిషాలు పట్టేది. టీ చెంచాతో చివర తుంపి, నోట్లో పూర్తిగా కరిగేదాకా నమిలి, చెంచా కింద పెట్టి, కాసేపు ఆగి, మళ్లీ తీసుకోవాలి. ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అనిపించినా, ముక్కు కారినా, ఉన్నట్టుండి ఎక్కిళ్లు వచ్చినా అక్కడితో ఆపెయ్యాలి. ఇంకొక్క ముద్ద పెడితే వాంతే. గిన్నెలో మిగిలింది పారెయ్యడానికి చెయ్యి రాదు మనకు. దానికి మందు, మొదటే తక్కువ పెట్టుకోవడం.

నీళ్ల సంగతి మనవాళ్లకు అన్నిటికంటే కష్టం. కంచం పక్కన గ్లాసు లేని భోజనం మనకు తెలియదు కదా. ఇకమీద తింటూ తాగకూడదు. తినడానికి ముందు, తిన్నాక అరగంట చొప్పున ఆగాలి. మిగతా సమయమంతా గుక్కలు గుక్కలుగా, రోజుకు లీటరున్నర దాకా పట్టించాలి. ఒంటిలో నీరు తగ్గి మళ్లీ ఆస్పత్రిలో చేరేవాళ్లు ఎక్కువగా ఈ మొదటి వారాల్లోనే ఉంటారు. నేను క్లాసులో బల్ల మీద గీతలున్న సీసా పెట్టుకునేదాన్ని. ఒక పీరియడ్‌కు ఒక గీత కిందికి దిగాలి.

ప్రొటీన్ లెక్క

రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ అంటారు. అది అందకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది, నీరసం, జుట్టు ఊడటం ఎక్కువవుతాయి. అన్నం మధ్యలో, పప్పు పక్కన ఉండే మన కంచంలో 60 దాటడం తేలిక కాదు. అందుకే కంచాన్ని తిరగెయ్యండి: ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటుంటేనే అన్నం. మెత్తటి అన్నం, ఉప్మా, మైదా రొట్టె లోపల ముద్దకట్టి పట్టేస్తాయి కూడా.

నా మామూలు రోజు ఇలా ఉంటుంది. ఉదయం 40 గ్రాముల పెసలతో అల్లం, జీలకర్ర వేసిన పెసరట్టు, దాదాపు 10 గ్రాముల ప్రొటీన్. ఉప్మా మాత్రం లోపల పెట్టను. మధ్యాహ్నం రెండు గుడ్లు 12, కాస్త పెరుగు 3. సాయంత్రం బడి నుంచి వచ్చాక 50 గ్రాముల పనీర్ 9. రాత్రి 60 గ్రాముల చికెన్ గానీ చేప గానీ, 15 దాకా. పడుకునేముందు పాలు 6. మొత్తం 55. మిగిలింది పాల నుంచి తీసే వే ప్రొటీన్ పొడి అర స్కూపుతో పూడుస్తాను. శాకాహారులు మీల్ మేకర్, పనీర్, సెనగలు పెంచుకోవాలి, పొడి కాస్త ఎక్కువ వాడాల్సి ఉంటుంది.

మాత్రలు మానకూడదు

బరువు తగ్గి హుషారుగా తిరుగుతున్నప్పుడే మాత్రలు మానేస్తారు జనం. దయచేసి ఆ పని చెయ్యకండి. బీ12, ఐరన్, విటమిన్ డీ, కాల్షియం జీవితాంతం చూసుకోవాల్సిందే. కాల్షియం సిట్రేట్ అయితే మంచిది, జీర్ణాశయంలో ఆమ్లం తగ్గినా అది వంటికి పడుతుంది. ఐరన్ మాత్రకూ కాల్షియం మాత్రకూ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి, ఐరన్ వేసుకున్న వెంటనే టీ కాఫీలు వద్దు.

షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆపరేషన్ అయిన రోజు నుంచే డాక్టరుతో మాట్లాడి డోసు మార్పించుకోవాలి. పాత డోసే కొనసాగిస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి బిళ్లలతో కడుపులో పుండ్లు పడే ప్రమాదం ఉంది, బైపాస్ వాళ్లకు మరీనూ. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆపరేషన్ మాట చెప్పండి.

ఆగకుండా ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి: జ్వరం, కూర్చున్నా తగ్గని గుండె దడ, విపరీతమైన కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం. మంచినీళ్లు కూడా నిలవకుండా వాంతులవుతుంటే "పడలేదేమోలే" అని ఇంట్లో కూర్చోకండి. బీ1 విటమిన్ తగ్గి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మారేవి, మారనివి

ఈ ఆపరేషన్ల తర్వాత ఒంటి బరువులో పావు వంతు, అంతకు కొంచెం ఎక్కువ తగ్గడం మామూలు. నా బరువు 66 దాకా దిగి, తర్వాత 69 దగ్గర నిలబడింది. చివర్లో రెండు మూడు కిలోలు తిరిగి రావడం సహజమే, టెన్షన్ పడకండి. స్లీప్ ఆప్నియా వల్ల రాత్రి ముక్కుకు మిషన్ పెట్టుకుని పడుకునేదాన్ని, నిద్ర పరీక్ష మళ్లీ చేసి అది తీసేశారు. బడి రెండో అంతస్తు మెట్లు ఆగకుండా ఎక్కి, ఊపిరి సరిచేసుకోకుండానే పాఠం మొదలుపెట్టగలుగుతున్నాను. ఈ ఒక్కదానికే నేను ఎంతైనా రుణపడి ఉంటాను.

షుగర్ గురించి మాత్రం ఆశ హద్దులో ఉండాలి. అమెరికాలో క్లీవ్‌లాండ్ క్లినిక్ వైద్యుల అధ్యయనంలో ఐదేళ్ల తర్వాత హెచ్‌బీఏ1సీ 6 గానీ అంతకు తక్కువ గానీ ఉన్నవాళ్లు బైపాస్‌లో 29 శాతం, స్లీవ్‌లో 23 శాతం, మందులు మాత్రమే వాడినవాళ్లలో 5 శాతం. లాభం చాలా పెద్దది, కానీ అందరికీ షుగర్ మాయమవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. నాకు ఇన్సులిన్ పోయింది, ఒక మాత్ర మిగిలింది.

మూడో నెల నుంచి జుట్టు గుప్పెళ్లతో ఊడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది. చేతుల కింద, పొట్ట దగ్గర చర్మం వేలాడుతుంది, అది వ్యాయామంతో పూర్తిగా పోదు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్లు ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగాలి. బరువు తగ్గితే గర్భం నిలిచే అవకాశం పెరుగుతుంది, కాబట్టి అప్పటిదాకా గర్భం రాకుండా తీసుకోవాల్సిన జాగ్రత్త గురించి ముందే మాట్లాడుకోవాలి. మద్యం త్వరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ప్రమాదమూ ఎక్కువ.

మనసు సంగతి ఎవరూ చెప్పరు. అలసట వచ్చినా, కోపం వచ్చినా పకోడీ ప్లేటు ముందు కూర్చునే అలవాటున్నవాళ్లకు ఆ ఓదార్పు ఒక్కసారిగా పోతుంది. దిగులు ఎక్కువైతే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లండి, అది కూడా ఈ వైద్యంలో భాగమే.

ఇక పెళ్లిళ్లు. కొసరి కొసరి వడ్డించడం మన ప్రేమ. "ఇంకొంచెం వెయ్యనా అమ్మా, ఏం తిన్నావని" అనే పెద్దమ్మలకు వైద్య పాఠం చెప్పి లాభం లేదు. బంతిలో కూర్చునేముందే ఇంట్లో ఒకరికి ఆ బాధ్యత అప్పగించండి. మా ఇంట్లో ఆ పని అత్తయ్యది. "దానికి పొట్టకు ఆపరేషన్ అయింది వదినా, నేను చూసుకుంటాలే" అని వడ్డించే చేతిని ఆవిడే ఆపేస్తుంది. నేను రెండు చేప ముక్కలు, కాస్త పెరుగు తీసుకుని, అందరితో పాటు ఆకు మడిచి లేస్తాను.