ఆసుపత్రి సిబ్బందికి వేసిన టీకాల రికార్డులు అడిగే ముందు

సమాచార హక్కు చట్టం కింద ఒంగోలు, నెల్లూరుల్లో దరఖాస్తు వేయబోతున్నవాళ్లు ముందుగా ఇవి చూసుకోండి.

పేర్లు అడగొద్దు. ఎవరు టీకా వేసుకోలేదు, ఏ జబ్బు వల్ల అని అడిగితే వ్యక్తిగత సమాచారం అంటూ ఆ చట్టంలోని సెక్షన్ 8(1)(జె) చూపించి తిప్పి పంపుతారు. నా మొదటి దరఖాస్తు ఇలాగే పోయింది, నెల రోజులు వృథా. మొత్తం సిబ్బంది ఎంతమంది, డోసులు ఎన్ని వేశారు, వేసుకోనివారు ఎంతమంది అని అంకెలు మాత్రమే అడగండి. నర్సమ్మల ఆరోగ్య వివరాలు బజారున పడకూడదు కూడా.

టీకా నుంచి "మినహాయింపుల జాబితా" అని ఒక్క మాటతో సరిపెట్టొద్దు. మన దేశంలో కోవిడ్ టీకా స్వచ్ఛందమే కాబట్టి ఆ పేరుతో ఫైలే ఉండకపోవచ్చు. సిబ్బంది టీకాలపై వచ్చిన సర్క్యులర్లు, హెపటైటిస్-బి టీకా రిజిస్టరు నకళ్లు అని విడివిడిగా రాయండి.

"ఎందుకు" అని అడగొద్దు. ఉన్న కాగితమే ఇస్తారు, సంజాయిషీ ఇవ్వరు.

ఏ జిల్లా అన్నది తేల్చుకోండి. సిబ్బందికి కోవిడ్ టీకాలు 2021 జనవరి 16న మొదలయ్యాయి. అప్పుడు కందుకూరు ప్రకాశంలో, గూడూరు నెల్లూరులో ఉండేవి. 2022 ఏప్రిల్ 4 తర్వాత జిల్లాలు మారాయి. తప్పు చోట ఇచ్చినా 5 రోజుల్లో సరైన ఆఫీసుకు పంపాలి, కానీ ఆలస్యం తప్పదు.

జిల్లా ఆఫీసుకైతే ఫీజు 10 రూపాయలు. రసీదు దాచుకోండి.

30 రోజుల్లో జవాబు రాకపోతే, ఆపై 30 రోజుల్లోపే మొదటి అప్పీలు (అదే ఆఫీసులో పై అధికారికి చేసుకునే విన్నపం) వేయాలి. ఈ తేదీని క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి.